ఆగని ట్రయల్‌లో చేరేముందు: రీమాప్-క్యాప్ రివ్యూ

తీవ్ర న్యుమోనియాకి ఏ చికిత్స మేలో ఐసీయూల్లో పరీక్షిస్తూ పోయే ట్రయల్ రీమాప్-క్యాప్. దీన్ని ఎవరూ డబ్బుకి అమ్మరు. అయినా చేరే ఐసీయూ పెట్టుబడి పెట్టాల్సిందే. రీసెర్చ్ నర్సుల పనిగంటలు, ఫార్మసీలో అరలు, ఎథిక్స్ కమిటీ దగ్గర వాయిదాలు, వీటన్నిటికంటే ఖరీదైనది అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్ ఓపిక. ఇంత పెడుతున్నప్పుడు వెంటిలేటర్ కొనేముందు అడిగే ప్రశ్నలే దీని గురించీ అడగాలి. ఏం చేస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది, మనకి సరిపోతుందా?

తీర్పు ముందే చెప్పేస్తాం. ఈ ట్రయల్ పేరెత్తగానే అందరూ మెచ్చుకునేది, బాగా పనిచేస్తున్న మందు వైపు ఎక్కువమంది రోగుల్ని మళ్లించే రాండమైజేషన్‌ని, అంటే ఎవరికి ఏ మందో చీటీ తీసినట్టు కేటాయించే పద్ధతిని. దానికి మేమిచ్చేది ఐదుకి రెండున్నర. ఎప్పుడూ తెరిచి ఉండటం, ఒకే రోగితో ఒకేసారి నాలుగైదు ప్రశ్నలకి జవాబు వెతకటం, ఎప్పుడు ఆపాలో ముందే రాసిపెట్టుకోవటం, వీటికి మాత్రం ఐదుకి ఐదూ ఇవ్వొచ్చు. ఫలితాన్ని కొలిచే పద్ధతికి మూడు. అంటే, ప్రచారం ఎక్కువైన భాగమే ఇందులో బలహీనమైన భాగం. పెద్దగా ఎవరూ మాట్లాడని అంతర్గత ఏర్పాట్లే దీని అసలు విలువ.

ఏముంది ఇందులో

మామూలు ట్రయల్ అంటే ఒక మందు, ఒక ప్రశ్న, ముందే లెక్కకట్టిన రోగుల సంఖ్య. ఆ సంఖ్య నిండాక తలుపులు మూసి లెక్కలు చూస్తారు. ఐసీయూ రోగుల విషయంలో ఈ పద్ధతి తరచూ దెబ్బతింటుంది. కంట్రోల్ ఆర్మ్‌లో, అంటే పరీక్షించే మందు పడని గుంపులో, ఎంతమంది చనిపోతారన్న అంచనా తప్పుతుంది. మందు ప్రభావం ఆశించినదానిలో సగం కూడా ఉండదు. చివరికి ‘తేడా కనబడలేదు’ అన్న ఒక్క ముక్క మిగులుతుంది. నిజంగా తేడా లేకనా, సరిపడా రోగులు లేకనా అన్నది ఆ ముక్క చెప్పదు. 2009 హెచ్‌1ఎన్‌1 మహమ్మారిలో ఇంకో లోపం బయటపడింది. ప్రొటోకాల్ రాసి, అనుమతులు తెచ్చి, మందు సర్దుకునేసరికి అల దాటిపోయింది.

ఆ పాఠం నేర్చుకుని తయారుచేసినదే రీమాప్-క్యాప్. బయట సమాజంలో సోకిన తీవ్ర న్యుమోనియాతో ఐసీయూకి వచ్చే పెద్దవాళ్లతో 2016లో మొదలైంది. ప్రొటోకాల్‌ని ముక్కలుగా విడగొట్టారు. మారకుండా ఉండేది కోర్ ప్రొటోకాల్. ఒక్కో రకం చికిత్సకి ఒక్కో డొమైన్, దానికి సొంత అనుబంధం. ఒక్కో ప్రాంతానికి అక్కడి చట్టాలకి తగ్గట్టు ఇంకో అనుబంధం. రైలు ఆగదు, పెట్టెలు తగిలిస్తారు, విప్పుతారు. యాంటీబయాటిక్ డొమైన్‌లో సెఫ్ట్రియాక్సోన్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఒక్కోటీ మాక్రోలైడ్ అనే ఇంకో రకం యాంటీబయాటిక్‌తో కలిపి, ఇవి కాక మాక్సిఫ్లాక్ససిన్ లేదా లీవోఫ్లాక్ససిన్. మాక్రోలైడ్‌ని 3 నుంచి 5 రోజులు వాడితే చాలా, 14 రోజులు వాడాలా అన్నది ఇంకో డొమైన్. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ని 50 మి.గ్రా. ఆరు గంటలకోసారి 7 రోజులు ఇవ్వటమా మానటమా అన్నది మరొకటిగా ఉండేది. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ అసలు వద్దా, 5 రోజులా, 10 రోజులా అన్నది వేరొకటి. ఒకే రోగి ఈ నాలుగింటిలోనూ ఉండే వీలుండేది.

మహమ్మారి వస్తే ఏ నియమాలు మారాలో తెలిపే అనుబంధం కూడా ముందే రాసి ఉంది. 2020 మార్చిలోనే కోవిడ్ రోగుల్ని చేర్చుకోగలిగింది అందుకే. కొత్త ట్రయల్స్ చాలావాటికి అప్పటికి పేరు కూడా పెట్టలేదు.

మంచం దగ్గర ఎలా నడుస్తుంది

డాక్టర్ వెబ్ ఫారం తెరుస్తాడు. ముందు మొత్తం ప్లాట్‌ఫామ్‌కి అర్హత చూడాలి. పెద్దవాళ్లేనా, ఆసుపత్రిలో చేరిన 48 గంటల్లోపు ఐసీయూకి వచ్చారా, శ్వాసకో రక్తప్రసరణకో సపోర్ట్ అవసరమైందా అన్నవి ప్రధాన ప్రశ్నలు. గంటల్లో మరణం తప్పదని తేలి, పూర్తి చికిత్స వద్దనుకున్న వాళ్లని చేర్చరు. ఆ తర్వాత ఒక్కో డొమైన్‌కి విడిగా అర్హత. పెన్సిలిన్ అలర్జీ ఉంటే ఆ మందులున్న ఆర్మ్‌లు మాత్రం పోతాయి, మిగతా వాటి మధ్య కేటాయింపు జరుగుతుంది. ఈ రోగికి ఫలానా మందు మంచిది కాదని డాక్టర్ గట్టిగా అనుకుంటే దాన్ని తీసేసే వీలూ ఉంది. బటన్ నొక్కగానే అన్ని డొమైన్ల కేటాయింపులూ ఒకేసారి తయారవుతాయి.

ఇక్కడ డిజైన్‌లో మెచ్చుకోదగ్గ చిన్న కిటుకు ఒకటుంది. కొన్ని కేటాయింపులు తయారైనా వెంటనే బయటపెట్టరు. మాక్రోలైడ్ ఎన్ని రోజులన్న ప్రశ్న మొదటి రోజున అక్కర్లేదు. న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బాక్టీరియా పరీక్ష ఫలితం కూడా అప్పటికి రాదు. అందుకని సమాధానం సిస్టమ్‌లోనే దాగి ఉంటుంది, సమయం వచ్చి అర్హత తేలాక తెరమీదకి వస్తుంది. రోగి మంచం పక్కన రెండోసారి రాండమైజేషన్ తతంగం ఉండదు.

బెడిసికొట్టేది ఎక్కువగా ఈ ఫారానికి ముందు జరిగే పనుల్లో. క్యాజువాలిటీలో ఎవరో అలవాటుగా స్టెరాయిడ్ ఇచ్చేసి ఉంటారు, స్టెరాయిడ్ డొమైన్ పోయినట్టే. కోవిడ్‌లో అతిగా రేగే వాపుని అణిచే టోసిలిజుమాబ్ లాంటి మందులకి ఆర్గాన్ సపోర్ట్ మొదలైన 24 గంటల్లోపే చేర్చాలన్న నియమం ఉండేది. రాత్రి పది గంటలకి వెంటిలేటర్ పెట్టి, రీసెర్చ్ నర్సు మర్నాడు తొమ్మిదికి వచ్చి, బంధువులు మధ్యాహ్నానికి చేరుకుంటే మిగిలే గంటలు వేళ్లమీద లెక్కపెట్టాల్సిందే. పగటి షిఫ్టు మీదే ఆధారపడే ఐసీయూ కొంతమందిని పోగొట్టుకుంటుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. రాత్రి వచ్చే రోగులు పగటివాళ్లకంటే భిన్నంగా ఉంటే, చేరినవాళ్లు అసలు జనాభాకి నమూనా కాకుండా పోతారు. డాక్టర్ ‘ఈ మందు వద్దు’ అనే బటన్‌ని అతిగా వాడినా ఇదే జరుగుతుంది. కాబట్టి ఎంతమందిని, ఏ కారణంతో తప్పించారో నెలనెలా చూసుకోని ఐసీయూ ఈ ట్రయల్‌ని సగమే నడుపుతున్నట్టు.

ఆర్మ్‌లు చాలావరకు ఓపెన్-లేబుల్. ఏ మందు పడుతోందో అందరికీ తెలుసు. మరణం విషయంలో దీనివల్ల పెద్దగా ప్రమాదం లేదు. వెంటిలేటర్ ఎప్పుడు తీయాలన్నది మాత్రం డాక్టర్ నిర్ణయం, అక్కడ మనసులోని మొగ్గు ఫలితంలోకి జారుకునే వీలుంది.

మొగ్గే రాండమైజేషన్‌కి రెండున్నరే ఎందుకు

మొదట ఆర్మ్‌లన్నిటికీ సమాన వాటా. కొంత డేటా పోగయ్యాక విశ్లేషణ కమిటీ బేజియన్ మోడల్, అంటే డేటా పెరిగేకొద్దీ సంభావ్యతని సవరించుకునే లెక్క, నడుపుతుంది. ఏ ఆర్మ్ మెరుగైనదయ్యే సంభావ్యత ఎక్కువో దాని వాటా పెరుగుతుంది. ఆ వాటాలు ఐసీయూలకీ తెలియవు, ట్రయల్ నడిపే కమిటీకీ తెలియవు. లెక్కలు చూసేవాళ్లు వేరు, రోగుల భద్రత చూసే డీఎస్ఎంబీ అనే కమిటీ వేరు. ఈ గోడ గట్టిగానే కట్టారు.

ఇబ్బంది గణితంలో ఉంది. రెండే ఆర్మ్‌లున్నప్పుడు సగం-సగం పంచడమే పొదుపు. 70-30గా వంచితే అదే కచ్చితత్వానికి 19 శాతం ఎక్కువమంది కావాలి. 80-20 అయితే 56 శాతం ఎక్కువ. 90-10కి వెళ్తే దాదాపు 2.8 రెట్లు. లోపల చేరిన కొందరికి మెరుగైన మందు పడే అవకాశం పెరిగింది నిజమే. కానీ జవాబు ఆలస్యమైంది, ఆ జవాబు కోసం ట్రయల్ బయట ఉన్నవాళ్ల సంఖ్య లోపలివాళ్లకంటే ఎన్నో రెట్లు. మూడు, నాలుగు ఆర్మ్‌లున్న చోట లెక్క మారుతుంది. అక్కడ వెనకబడిన ఆర్మ్‌ల నుంచి రోగుల్ని మళ్లించి, ముందున్న ఆర్మ్‌కీ కంట్రోల్‌కీ మధ్య పోలికని బలపరచవచ్చు. కాబట్టి మీకు చూపించే డొమైన్‌లో రెండే ఆర్మ్‌లుంటే, మొగ్గు ఎందుకని అడగటం తప్పు కాదు.

ఈ మొగ్గు ఎంత దూరం పోగలదో చూపే పాత ఉదాహరణ 1985లో అచ్చయిన నవజాత శిశువుల ఎక్మో ట్రయల్. రక్తాన్ని శరీరం బయట యంత్రంలో తిప్పి ఆక్సిజన్ ఎక్కించేదే ఎక్మో. గెలిచినదాని వైపు ప్రతిసారీ చీట్లు పెరిగే పద్ధతి వాడారు. మొదటి బిడ్డకి ఎక్మో పడింది, బతికింది. రెండో బిడ్డకి మామూలు చికిత్స, చనిపోయింది. తర్వాత పదిమందికీ ఎక్మోనే, పదిమందీ బతికారు. మొత్తం 12 మందిలో కంట్రోల్ ఒక్కరు. ఎక్మో పనిచేయదని ఇప్పుడెవరూ అనరు, కానీ ఆ ఒక్క కంట్రోల్‌తో ఎవరినీ ఒప్పించలేకపోయారు. ఆ ప్రశ్న మీద మళ్లీ ట్రయల్స్ చేయాల్సి వచ్చింది. అందుకే ఇప్పటి డిజైన్లు మొదట కొంతమందిని సమానంగా పంచాకే మొగ్గు మొదలుపెడతాయి.

కాలంతో పాటు రోగులూ మారటం ఇంకో చిక్కు. మొదటి అలలో చేరినవాళ్లకీ మూడో అలలో చేరినవాళ్లకీ మరణాల రేటు ఒకటి కాదు. మధ్యలో స్టెరాయిడ్ అందరికీ మామూలైంది, వైరస్ రకం మారింది, పడకల మీద ఒత్తిడి మారింది. వాటాలు కూడా అదే కాలంలో మారుతూ ఉంటే, ఒక ఆర్మ్‌లో మంచి కాలంలో వచ్చిన రోగులు ఎక్కువై, మందుకి రాని మంచిపేరు రావచ్చు. రీమాప్-క్యాప్ దీన్ని నిర్లక్ష్యం చేయలేదు. మోడల్‌లో వయసు, లింగం, దేశం, ఐసీయూలతో పాటు రెండేసి వారాల కాలఖండాలు కూడా పెట్టి సవరిస్తారు. మంచి పనే. ఈ సవరణ నిలవాలంటే ప్రతి కాలఖండంలోనూ పోల్చటానికి కంట్రోల్ రోగులు ఉండాలి. మొగ్గు వాళ్లనే తగ్గిస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం.

కొలబద్ద సంగతి

న్యుమోనియా కోసం మొదట పెట్టుకున్న ప్రధాన ఫలితం 90 రోజుల మరణాలు. మహమ్మారి భాగానికి అది చాలా ఆలస్యం కాబట్టి 21 రోజుల్లో ఆర్గాన్ సపోర్ట్ లేని రోజులు లెక్కపెట్టారు. రోగి ఎన్ని రోజులు బతికి ఉండి, శ్వాసకి సపోర్ట్ గానీ రక్తపోటు నిలిపే మందులు గానీ లేకుండా ఉన్నాడన్నది అంకె. ఆసుపత్రిలో చనిపోతే -1. వేగంగా వస్తుంది, ప్రతి రోగి నుంచీ సమాచారం పిండుకుంటుంది. కానీ చదవటం తెలియకపోతే తప్పుదోవ పట్టిస్తుంది.

టోసిలిజుమాబ్ ఫలితమే తీసుకోండి. మోతాదు కిలోకి 8 మి.గ్రా., గరిష్ఠం 800 మి.గ్రా. మీడియన్, అంటే వరుసలో నడిమి రోగి అంకె, చూస్తే టోసిలిజుమాబ్‌కి 10 రోజులు, అదే కోవకి చెందిన సారిలుమాబ్‌కి 11, కంట్రోల్‌కి 0. ‘మందు పది రోజులు మిగిల్చింది’ అని చదివినవాళ్లు తక్కువేం కాదు. అది తప్పు. ఈ రోగుల అంకెలు రెండు గుట్టలుగా పడతాయి, -1 దగ్గర ఒకటి, పై అంకెల దగ్గర ఇంకోటి. మధ్యలో జనం పలచన. మీడియన్ సరిగ్గా ఆ పలచన చోట పడితే, కొద్దిమంది ఇటునుంచి అటు మారినా అది గంతేస్తుంది. అసలు తేడా మరణాల్లో చూడాలి. కంట్రోల్‌లో 35.8 శాతం, టోసిలిజుమాబ్‌తో 28.0 శాతం, సారిలుమాబ్‌తో 22.2 శాతం, ఈ చివరిది 45 మందిలో మాత్రమే. టోసిలిజుమాబ్ మెరుగైనదన్న సంభావ్యత 99.9 శాతం దాటింది. తర్వాత బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే కోవిడ్ ట్రయల్ 4116 మందితో 28 రోజుల మరణాలు 35 నుంచి 31 శాతానికి తగ్గాయని చూపింది. మందు గొప్పదే, పది రోజుల కథే అతిశయం.

రెండో లోపం ఇంకా లోతైనది. ఈ కొలబద్ద మరణాన్నీ, బతికినవాళ్లు సపోర్ట్ మీద ఉన్న రోజుల్నీ ఒకే తాడుకి కడుతుంది. మందు రెండింటినీ ఒకే వైపు లాగుతుందని మోడల్ అనుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ లాంటి యాంటీప్లేట్‌లెట్ మందుల డొమైన్‌లో ఆ తాడు తెగింది. ప్రధాన ఫలితం ప్రకారం ఫ్యుటిలిటీ, అంటే కొనసాగించినా చెప్పుకోదగ్గ లాభం తేలదన్న నిర్ణయం, దాని సంభావ్యత 95.7 శాతం. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు మాత్రం 67.9కి బదులు 71.5 శాతం, మందు ప్రాణాలు నిలిపిందన్న సంభావ్యత 97.5 శాతం. పెద్ద రక్తస్రావాలు 0.4 నుంచి 2.1 శాతానికి పెరిగాయి. రోగి బంధువు ఎదురుగా కూర్చుని అడిగితే ఏం చెప్తారు? ట్రయల్ నియమం ప్రకారం పనిచేయలేదు. చావుల లెక్క ప్రకారం చేసి ఉండొచ్చు. కొలబద్దకి మూడే ఇచ్చింది ఇందుకే.

ముందే రాసిపెట్టుకున్న గీతలు

ఇక్కడ మెచ్చుకోక తప్పదు. మెరుగైనదన్న సంభావ్యత 99 శాతం దాటితే ప్రకటించాలి. ఆడ్స్ రేషియో (రెండు ఆర్మ్‌ల మధ్య మేలు జరిగే అవకాశాల నిష్పత్తి, 1 అయితే తేడా లేనట్టు) 1.2 దాటే సంభావ్యత 5 శాతం కన్నా తగ్గితే ఫ్యుటిలిటీ కింద ఆపాలి. ఈ గీతలు ఎవరి ఊహలోంచీ రాలేదు. కంప్యూటర్‌లో ఉత్తుత్తి రోగులతో ట్రయల్‌ని మళ్లీ మళ్లీ నడిపి, పనికిరాని మందు పొరపాటున ఎన్నిసార్లు గెలుస్తోందో, మంచి మందు ఎన్నిసార్లు జారిపోతోందో చూసి పెట్టినవి. మీరు సొంతంగా ఇలా నడుస్తూనే మారే అడాప్టివ్ ట్రయల్ కట్టుకోవాలనుకుంటే ఎక్కువ కాలం తినేది ఈ సిమ్యులేషన్ పనే. అందులో మందు ప్రభావం ఒక్కటే కాదు, చేరికల వేగం, డేటా ఆలస్యం, కాలంతో మారే మరణాల రేటు కూడా పెట్టాలి. ఈ చివరి మూడూ మరిచి చేసిన సిమ్యులేషన్ కాగితం మీద మాత్రమే అందంగా ఉంటుంది.

గీత ముందే గీసుకున్నందువల్ల ఇష్టంలేని ఫలితాన్నీ మింగాల్సి వస్తుంది. కొలెస్ట్రాల్ మందు సిమ్వాస్టాటిన్ 80 మి.గ్రా. డొమైన్‌లో తీవ్రంగా జబ్బుపడిన 2684 మంది ఉన్నారు. మేలు చేస్తుందన్న సంభావ్యత 95.9 శాతం దగ్గర నిలిచింది. కోవిడ్ రోగులు తగ్గిపోవటంతో 2023 జనవరిలో ఆపేశారు. గెలిచిందని అనలేరు, ఓడిందనీ అనలేరు. ఎప్పటికీ ఆగని ట్రయల్ అన్న బోర్డు పెట్టుకున్నా, జబ్బు వెళ్లిపోతే డొమైన్ అక్కడికక్కడే ఆగుతుంది. 2020 జూన్ 16న రికవరీ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఫలితం ప్రకటించగానే ఇక్కడి స్టెరాయిడ్ డొమైన్‌లో కోవిడ్ భాగాన్ని మర్నాడే మూశారు. మేలన్న సంభావ్యత ఏడు రోజుల హైడ్రోకార్టిసోన్‌కి 93 శాతం దగ్గర, షాక్ (రక్తపోటు పడిపోవటం) ఉన్నప్పుడే ఇచ్చే పద్ధతికి 80 శాతం దగ్గర నిలిచిపోయింది. బయట ఫలితం వచ్చాక స్టెరాయిడ్ లేని ఆర్మ్‌లో రోగుల్ని ఉంచటం కుదరదు కాబట్టి అది సరైన పనే.

గీత దాటి వెనక్కి జారటం కూడా జరుగుతుంది. ఫలితానికి 21 రోజులు పడుతుంది, వారానికి 100 మంది చేరుతున్నారనుకోండి. ఆపమని మాట వచ్చేసరికి దాదాపు 300 మంది ఫలితాలు ఇంకా రావాల్సి ఉంటాయి. మరో రెండు ప్లాట్‌ఫామ్‌లతో కలిసి, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మీద చేసిన ట్రయల్‌లో, ఐసీయూ స్థాయి సపోర్ట్ అవసరంలేని కోవిడ్ రోగుల భాగాన్ని గెలుపు గీత దాటిందని ఆపారు. అందరి డేటా వచ్చాక 2219 మందితో వేసిన తుది లెక్కలో సంభావ్యత 98.6 శాతం. నిర్ణయం మారనక్కర్లేదు, కానీ ఆపిన రోజు అంకెని చివరి అంకెగా ప్రచారం చేయకూడదు. అదే ట్రయల్‌లో ఐసీయూ రోగులకి ఫుల్ డోస్ హెపారిన్ ఏ మేలూ చేయలేదు. ప్రాణాలతో డిశ్చార్జ్ అయినవాళ్లు 62.7 శాతం, మామూలు డోస్‌తో 64.5 శాతం. పెద్ద రక్తస్రావాలు 2.3కి బదులు 3.8 శాతం. ఒకే మందు, రెండు రకాల రోగులు, రెండు వేర్వేరు జవాబులు. ఈ రెండు గుంపుల్ని మొదటి నుంచీ విడిగా లెక్కపెట్టడం ఈ డిజైన్ చేసిన గొప్ప మేలు. కలిపి చూసి ఉంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ మిగిలేది కాదు.

పక్కన పెట్టి పోల్చదగ్గవి

మీకు కావలసింది ఒక్క ప్రశ్నకి జవాబైతే ఇంత యంత్రాంగం అక్కర్లేదు. బ్రిటన్ రికవరీ ట్రయల్‌లో వాటాలు మొగ్గవు. ఆర్మ్‌లు చేర్చటం, తీయటం మాత్రమే. చిన్న ఫారం, 28 రోజుల మరణాలు, జాతీయ రికార్డుల నుంచి ఫలితం. డెక్సామెథసోన్ 6 మి.గ్రా. 2104 మందికి, మామూలు చికిత్స 4321 మందికి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి పడ్డాయి. మొదలైన మూడు నెలల్లోనే ఈ జవాబు వచ్చింది. రికార్డులు కలిసి ఉన్న చోట ఇదే మా మొదటి సిఫార్సు.

ఆగని ఫిట్స్ కోసం చేసిన ఈసెట్ ట్రయల్ కట్టుదిట్టంగా, చిన్నగా ఉంటుంది. లెవెటిరాసెటమ్ కిలోకి 60 మి.గ్రా., ఫాస్‌ఫెనిటాయిన్ 20, వాల్‌ప్రోయేట్ 40, ఎవరికి ఏది పడిందో డాక్టర్‌కీ తెలియదు. 300 మంది చేరాకే వాటాలు కదలటం మొదలుపెట్టారు. గంటలో ఫిట్స్ ఆగినవాళ్లు వరుసగా 47, 45, 46 శాతం. 795 మంది దాకా వెళ్లాల్సిన ట్రయల్‌ని 384 మందితోనే ఆపేశారు. మూడూ సమానమని తేలటం కూడా జవాబే, క్యాజువాలిటీలో ఏది చేతికందితే అది వాడొచ్చు. ఇన్‌ఫెక్షన్‌తో వచ్చే సెప్టిక్ షాక్‌కి సెలెప్రెసిన్ అనే రక్తపోటు పెంచే మందుని పరీక్షించిన ట్రయల్ కూడా అంతే. మొదటి దశలో మూడు మోతాదులు పోల్చి, 1800 మంది దాకా పోవాల్సినది 868 దగ్గర ఆగింది. వెంటిలేటరూ రక్తపోటు మందులూ లేని రోజులు 15.0, ప్లసీబోతో (ఉత్తుత్తి మందుతో) 14.5. పనికిరాని మందు మీద మరో తొమ్మిది వందల మందిని పెట్టకుండా ఆపగలగటమే ఇక్కడ అడాప్టివ్ పద్ధతికి అసలు లాభం.

అరెస్ట్ ట్రయల్‌ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. షాకులకి లొంగని గుండె ఆగుదలలో ఎక్మో వాడితే 14 మందిలో 6గురు బతికి బయటపడ్డారు, మామూలు చికిత్సతో 15 మందిలో ఒక్కరు. సంభావ్యత 0.9861, గీత 0.986. దాటీ దాటనట్టు దాటింది, 30 మందితో ఆపేశారు. ఎంతో అనుభవం ఉన్న ఒకే కేంద్రం అది. 2023లో నెదర్లాండ్స్‌లో అనేక ఆసుపత్రుల్లో 134 మందితో చేసిన ఇన్‌సెప్షన్ ట్రయల్‌లో, మెదడు దెబ్బతినకుండా 30 రోజులకి బతికి ఉన్నవాళ్లు ఎక్మోతో 20, మామూలు చికిత్సతో 16 శాతం. చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. రోగులు ఒకేరకం కారు, ఎక్మో ఎక్కించటానికి పట్టిన సమయమూ ఒకటి కాదు కాబట్టి రెండూ నిజమే కావచ్చు. కానీ 30 మందితో ఆగిన ఫలితాన్ని చూసి ఎక్మో యూనిట్ తెరవాలనుకునేవాళ్లు రెండోదాన్ని కూడా ముందు పెట్టుకోవాలి.

చేరేముందు అడగాల్సినవి

ఫార్మసీతో మొదలుపెట్టండి. వాటాలు మీకు తెలియవు కాబట్టి ఏ మందు ఎంత ఖర్చవుతుందో ముందే చెప్పలేరు. ప్రతి ఆర్మ్‌కీ కనీస నిల్వ ఉండాల్సిందే, ఏ ఒక్కటి నిండుకున్నా ఆ డొమైన్‌లో చేరిక ఆగుతుంది. టోసిలిజుమాబ్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రి ఫార్మసీ మూసే చోట ఐసీయూ ఫ్రిజ్‌లో, ఉష్ణోగ్రత రికార్డుతో, మొదటి డోస్‌కి సరిపడా పెట్టుకోకపోతే 24 గంటల నియమం అక్కడే చచ్చిపోతుంది.

డేటా విషయంలో కనబడని గుంట ఒకటుంది. చనిపోయినవాళ్ల ఫలితం ఆ రోజే తెలుస్తుంది, బతికినవాళ్లది 21 రోజులు నిండితేనే. ఫారాలు తోచిన వరుసలో నింపితే మధ్యంతర లెక్కలో చావులే ముందు కనబడతాయి. 21 రోజులు నిండినవాళ్లని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారా అని అడగండి. తీసుకుంటామన్నా, మీ వైపు నుంచి బతికినవాళ్ల ఫారాలు వెనకబడకుండా చూసుకోవాలి. రోజువారీ సపోర్ట్ నమోదు ఐసీయూ చార్టు నుంచే రావాలి. డిశ్చార్జ్ అయ్యాక గుర్తుచేసుకుని రాసినవి నమ్మలేం.

అంగీకార పత్రం ఎప్పటికీ ఒక్క రూపంలో ఉండదు. డొమైన్ చేరినా పోయినా కొత్త వెర్షన్, మళ్లీ ఎథిక్స్ కమిటీ. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటాడు. కొన్నిచోట్ల ముందు చేర్చి తర్వాత అంగీకారం తీసుకునే వీలు చట్టం ఇస్తుంది, కొన్నిచోట్ల ఇవ్వదు. అమెరికాలో ఈసెట్ లాంటి అత్యవసర ట్రయల్స్‌కి ఈ మినహాయింపు ఉంది, దానికి ముందు స్థానిక ప్రజలతో చర్చలు జరపాలి. బంధువులకి మొగ్గు గురించి చెప్పాల్సి వస్తే సూటిగా చెప్పటం మేలు. ఏ మందు మెరుగో ఇంకా తెలియదు, పోగైన లెక్కని బట్టి వాటాలు మారుతుంటాయి, ఆ వాటాలు డాక్టర్‌కీ తెలియవు. ‘మీవాడికి మంచి మందే పడే అవకాశం ఎక్కువ’ అని చెప్పటం అబద్ధంతో సమానం.

ఏడాదికి పట్టుమని పదిమంది తీవ్ర న్యుమోనియా రోగులు కూడా రాని ఐసీయూకి ఈ బరువు అనవసరం. వాళ్లకి రికవరీ తరహా తేలికపాటి ట్రయల్ నయం. ఎక్కువమంది వచ్చే చోట మాత్రం అన్ని డొమైన్లలోకీ ఒకేసారి దూకకుండా రెండింటితో మొదలుపెట్టి, తప్పించిన కారణాల పట్టిక మూడు నెలలు చూసుకుని తర్వాతవి తగిలించుకోవటం మంచిది. సంతకం పెట్టేముందు ఒక కాగితం అడిగి తెప్పించుకోండి: ఇంతకు ముందు ఏదైనా డొమైన్‌ని హఠాత్తుగా మూసినప్పుడు ఐసీయూలకి పంపిన ఉత్తరం. కొత్తగా చేర్చుకోవటం ఏ గంట నుంచి ఆపాలో, అప్పటికే సగం కోర్సులో ఉన్న రోగికి మందు కొనసాగించాలో ఆపాలో, బంధువులకి ఎవరు చెప్పాలో, మిగిలిన నిల్వ ఏం చేయాలో అందులో స్పష్టంగా ఉండాలి. అది లేకపోతే ఆ రోజు రాత్రి ఆ ప్రశ్నలన్నీ మీ డ్యూటీ డాక్టర్ మీద పడతాయి.